తోస్తే పోని పిస్టన్

ఒక్క పిస్టన్ నన్ను మూడు దినాలు ఏడిపించింది. కారు వెనక చక్రం బ్రేకుది. కొత్త ప్యాడ్లు మందంగ ఉంటయి, అవి కూసోవాలంటే బయటికొచ్చిన పిస్టన్ మళ్ల లోపలికి పోవాలె. ముందు చక్రాలదైతే క్లాంపు పెట్టి బిగిస్తే మెత్తగ పోతది, ఏండ్ల సంది చేస్తున్న పనే. ఇది మాత్రం కదల్లే. బ్రేక్ ఆయిల్ డబ్బ మూత తీసి చూసిన, క్లాంపు ఇంకింత బిగించిన, దాని వంశాన్నంతా తిట్టుకుంట ఆఖరికి సుత్తె గూడ అందుకున్న.

మామిడిపల్లి రోడ్డు మీద రేకుల షెడ్డు నాది, ఎయిర్‌పోర్టు తెరిచిన ఏడే పెట్టిన. ఐదేండ్లల్ల ఎన్ని క్యాబులు బాగు చేసిన్నో లెక్కలేదు గని, వెనక గూడ డిస్క్ బ్రేకులున్న బండి నా చేతికొచ్చుడు అదే మొదలు. బండి ఒక కోస్తా సారుది, ఎయిర్‌పోర్టుల కొలువు. రోజూ పొద్దున ఫోన్ చేసి, ఈ రోజైనా అవుతుందాండీ అని మర్యాదగ అడిగెటోడు. తిట్టినా బాగుండు, ఆ మర్యాదకే నాకు ఒళ్లు మండేది.

మూడోనాడు నా భార్య సద్ది తెచ్చి, ఉస్తాద్ దగ్గరికి పోయి అడగరాదా అన్నది. ఆమె మీద గయ్యిన లేసిన. ఆ పేరు మా ఇంట్ల ఎత్తొద్దని చెప్పింది నేనే మరి.

పహాడీ షరీఫ్ గుట్ట కింద ఉస్తాద్ గ్యారేజీ. పదకొండేండ్లు ఆయన దగ్గర పని నేర్చిన. బ్రేకు పని ఎవరు చేసినా, ఆ బండిని ఆయనే గుట్ట వాలు మీద నడిపి చూసినంకనే గిరాకీకి ఇచ్చెటోడు. ఒకనాడు నేను చేసిన బండిని అట్లనే నడిపి, వాపస్ తెచ్చి, గిరాకీ ముంగట్నే చక్రం విప్పించిండు. లోపల ఒక బోల్టు నేను సగమే బిగించిన. తప్పు నాదే. గని పది మందిల ఇజ్జత్ పోయిందని నాకు తలకెక్కింది. పాన ఇసిరి కొట్టి, "నీకు చేతనైత లేదు, అందుకే నా మీద ఏడుస్తున్నవ్" అన్న. ఆయన ఆ పాన తీసి, తుడిసి, జాగల పెట్టిండు. నేను ఎల్లొచ్చిన. షెడ్డు తెరిచిననాడు గూడ ఆయనను పిలవలే.

కోపం ఏడాదికే సల్లారింది. మిగిలింది సిగ్గు. మాఫ్ అడుగుదామని ఎన్నిమార్లు గుట్ట దాక పోయిన్నో, అన్నిమార్లు బండి మల్పుకొని వచ్చిన. ఏం మొఖం పెట్టుకొని పోవాలె? ఇగ ఇప్పుడు పిస్టన్ ఒక సాకు దొరికింది. పని అడిగినట్టే అడిగి, నడుమ ఆ మాట అనేస్త అనుకున్న. పిస్టన్ కూసునే కాలిపర్ ఊడదీసి, గుడ్డల సుట్టి, బండెక్కిన.

గ్యారేజీ షట్టర్ ఏసి ఉంది. పక్కనే ఇంటి ముంగట మంచం మీద ఉస్తాద్ కూసున్నడు. తెల్లటి కుర్తా. చేతులకు ఏడ నల్ల మరక లేదు, పని ముట్టక ఎన్ని దినాలైందో. నేను సలాం చేస్తే ఆయన గూడ చేసిండు, కొత్త గిరాకీకి చేసినట్టు.

ఆయన బిడ్డ బయటికొచ్చి నన్ను ఆనవాలు పట్టింది. పక్కకు పిలిచి మెల్లగ చెప్పింది. రెండేండ్ల సంది మతి పోతున్నదట. మొదట సామాన్ల పేర్లు మరిచిండట, తర్వాత తొవ్వలు, ఇప్పుడు మనుషులు. "మొదట్ల నిన్ను మస్తు అడిగెటోడన్నా, ఇంకా రాలేదా అని. ఇప్పుడు అడుగుతలేడు" అన్నది.

అంతల ఉస్తాద్ నా చేతిల గుడ్డ లాక్కున్నడు. కాలిపర్ ఇటు అటు తిప్పి చూసి, పిస్టన్ మీద నా సుత్తె దెబ్బలు వేలితో తడిమి, చ్ చ్ అన్నడు. నోస్ ప్లయర్ తెమ్మన్నడు. బండి డిక్కీల నుంచి తీసి ఇచ్చిన. పిస్టన్ మొఖం మీద ఉన్న గాట్లల్ల ప్లయర్ మొనలు పెట్టి, అరచేత్తో ఒత్తుకుంట కుడి దిక్కు తిప్పిండు. మూడు దినాలు మొండికేసిన పిస్టన్ మెల్లగ తిరుక్కుంట లోపలికి పోయింది. హ్యాండ్ బ్రేకు దీని లోపల్నే ఉంటది, అందుకే స్క్రూకున్నట్టు మర ఉంటది, తోస్తే పోదు, ఒత్తుకుంట తిప్పాలె అని ఓపికగ చెప్పిండు. నేను ఆయన దగ్గర పనిల చేరిన మొదటి దినం గూడ గంత ఓపికగనే చెప్పిండు.

"నీ ఉస్తాద్ ఎవరు బేటా? గిది నేర్పలేదా?"

"నేర్పెటోడే. నేనే మధ్యల లేసి పోయిన. ఆయనను అనరాని మాట అన్న."

ఆయన మొఖం చిన్నబోయింది. "గట్ల చేస్తరా? పో, పోయి మాఫ్ అడుగు. ఆయన నీ కోసం చూస్తుంటడు."

నాకు ఏడుపు ఆగలే. ఆయన రెండు చేతులు పట్టుకొని, మాఫ్ చెయ్ ఉస్తాద్, మాఫ్ చెయ్ అన్న. ఆయన పరేషాన్ అయి బిడ్డ దిక్కు చూసిండు. మళ్ల నా తల నిమిరి, పసిపిల్లకు చెప్పినట్టు చెప్పిండు.

"నాకు కాదు బేటా. ఆయనకు చెప్పు."