వెర్మెంటినోకు బాపు చెప్పిన జోడి

మొన్న మోత్కూరులో బస్సు కోసం నిలబడి ఉంటే, ఎదురుగా వైన్స్ దుకాణంలో బీరు సీసాల పక్కన ఇటలీ తెల్ల వైన్ సీసా ఒకటి కనిపించింది. దాని మీద వెర్మెంటినో అన్న పేరు చదువుకుంటూ, వచ్చిన బస్సు కూడా ఎక్కకుండా నిలబడిపోయాను.

తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొత్తలో, నలభై దాటిన వయసులో, నేను హైదరాబాదులో ఇటలీ వంటలు చేసే ఒక హోటల్లో వడ్డించే పనిలో ఉండేవాణ్ణి. మా పెద్ద వంటమాస్టరు ఆ దేశంలో పనిచేసి వచ్చిన మనిషి. ఏ సీమ వైన్ ఆ సీమ తిండితోనే కుదురుతుందని, సోవే అనే తెల్ల వైన్‌కు వెన్న వేసి ఉడికించిన అన్నం, సముద్రపు గాలి తగిలే వెర్మెంటినోకు చేప అని ఓపిగ్గా చెప్పేవారు. వైన్ పోసే పనికి ఒకరిని ఎంచుకోవాల్సి వచ్చినప్పుడు, పేరు చెప్పకుండా తలా ఒక గ్లాసు ఇచ్చి, దీనికి ఏం వడ్డిస్తారని అడిగారు. మిగతావాళ్ళు పుస్తకంలో ఉన్న పూల పేర్లూ పండ్ల పేర్లూ చెప్పారు. నాకు అవేవీ గుర్తు రాక, నాలుకకు తోచింది చెప్పేశాను.

"పొద్దుగాల దించిన ఈత కల్లు లెక్కుంది సారు, చివర్న జర చేదు తగుల్తాంది. మాంసం ముందల గిది నిలవది. వేయించిన చాపలైతే మంచిగుంటది."

అందరూ నవ్వారు గానీ మాస్టరు నవ్వలేదు. కల్లు రుచి అంత బాగా ఎట్లా తెలుసని అడిగారు. మాది వ్యవసాయమని అక్కడ అందరికీ చెప్పుకున్నవాణ్ణి, మా బాపు దేవరకొండ దగ్గర కల్లు గీస్తాడని ఆ రోజు తల వంచుకుని ఒప్పుకున్నాను. గ్లాసులోది వెర్మెంటినోయేనని చెప్పి, పని నాకే ఇచ్చారు. పైగా బాపును చూడాలన్నారు.

ఆదివారం ఆ వైన్ సీసా ఒకటి పట్టుకుని ఇద్దరం ఊరికి పోయాం. అమ్మ చెరువు చేపలు వేయించింది. బాపు ఒక గుక్క తాగి, ఒక ముక్క తిని, మళ్ళీ తాగాడు.

"చాపకు సరే సారు. కని జొన్నరొట్టె పెట్టకుండ్రి, దీని రుచి తెల్వది."

మాస్టరు ఆ మాట చిన్న పుస్తకంలో రాసుకుని, మీ వృత్తి చెప్పుకోబట్టే మీవాడికి ఈ పని వచ్చిందన్నారు. బాపు నావైపు తిరిగాడు.

"కల్లు గీస్తనని చెప్పినవా కొడుకా?"

"చెప్పిన బాపు."

బాపు తన విస్తట్లోని పెద్ద ముక్క తీసి నా విస్తట్లో వేశాడు. ఎన్నేళ్ళుగా ఆయనకు నా సిగ్గు తెలుసో నేను అడగలేదు.

ఇప్పుడు బాపు లేడు. ఆయన ఎక్కిన ఈత చెట్లున్న జాగా ప్లాట్లయింది. ఏ వైన్‌తో ఏం తినాలో ఫోను చూసి చెప్పే కాలం, అందులో తప్పేమీ లేదు. ఊరికి పోయినప్పుడు ఎక్కడి నుంచో డబ్బాల్లో వచ్చిన కల్లు నాకూ పోస్తారు. అది ఏ చెట్టుదో పోల్చుకుందామని కళ్ళు మూసుకుని ఒక గుక్క తాగుతాను, తెలియదు, గ్లాసు కింద పెట్టేస్తాను.