నా చెయ్యి బాగైన ఆదివారం

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, నేను ఆదోని ధాన్యం మండీలో కాటా వేసేవాణ్ణి, నాకు తాగుడు లేదు, జూదం లేదు, అయినా నాకున్న జబ్బు పగవాడికి కూడా వద్దు, నాది బైబిల్లో చెప్పిన ఊచచెయ్యి, ఎండిపోయిన చెయ్యి! బస్తా ఎత్తేటప్పుడు ఏనుగు తొండమే, ఇచ్చేటప్పుడు మాత్రం కొయ్యబారిపోయేది.

ఈ యుద్ధపు రోజుల్లో వానలు కూడా లేక గోనెగండ్ల వైపు పల్లెలు ఖాళీ అయి, దిక్కులేని పిల్లలు మన మండీ గేటు దగ్గర పిచ్చుకల్లా రాలిపడి ఉంటే, సంఘం ఒక తీర్మానం చేసింది. పొయ్యి వెలిగించిన ప్రతిసారీ ఇంటికొక పిడికెడు జొన్నలు దేవుని కుండలో వేయాలి, ఆదివారం అన్నీ కలిపి ఆ పిల్లలకు సంగటి వండాలి. అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నది నేనే, గుడి పెంకులు రెండు జారిపడ్డాయి!

ఇంటికి వచ్చి నా పిడికిలి చూసుకున్నాను, అందులో అర్ధశేరు పడుతుంది! ఎవరి పిడికెడో సంఘం చెప్పలేదు కదా అని సాతాను చెవిలో ఊదాడు. మా చంటిది రూతు చెయ్యి చింతగింజంత. ఆ చేతిని జొన్నల్లో ముంచి, పట్టిన నాలుగు గింజలు కుండలో రాల్చి, కళ్లు మూసుకుని స్తోత్రం చెప్పేవాణ్ణి.

ఒకనాడు మండీ గేటు పిల్ల ఈరమ్మ మా గడప దగ్గర నిలబడి చూసింది. ఎనిమిదేళ్లుంటాయి, చంకలో తమ్ముడు, వాడికి మెడ నిలవడం లేదు.

"అదేందప్పా, పాప సేత్తో ఏస్తాండావు? నీ సెయ్యి నొస్తాందా?"

ఎగతాళి కాదు, నిజంగానే జాలిపడింది!

"పోవే ఈడ్నుంచి!" అని ఆదోని కొండలు అదిరేట్టు అరిచాను.

పొయ్యి దగ్గర నుంచి నా భార్య శాంతమ్మ అంది, "అరిసేకి మాత్రం నీ గొంతే వాడ్తావే, పాప గొంతు యాడికి పోయె?"

ఆదివారం ఇళ్లన్నిటి కుండలు వంపితే గంపెడు కావలసినవి చేటెడు కాలేదు. ఒక్కొక్కరి ముఖం చూశాను, ఒక్కరూ నా కళ్లలోకి చూడలేదు. అందరూ నా ఉపాయమే పన్నారు, చంటిపిల్లలు లేనివాళ్లు పక్కింటి నుంచి అరువు తెచ్చుకున్నారు! అప్పుడొచ్చిన కోపం నాకింకా దిగలేదు, సహోదరులారా, దిగదు కూడా!

వడ్డించింది నేనే. ఈరమ్మ వంతు రాకముందే గుండిగ అడుగు తేలింది. ఆ పిల్ల ఏడవలేదు, తమ్ముణ్ణి ఆ చంకలోంచి ఈ చంకలోకి మార్చుకుంది.

"పోనీలేప్పా. నీ సెయ్యి బాగైనాక వస్తాం."

వెళ్లిపోయింది.

గుండిగ పక్కనే కూలబడ్డాను. "ప్రభువా, కొడితే నన్ను కొట్టు, ఆ పసివాడి ఊపిరి మాత్రం ఆపకు, ఈ కొయ్యచేతిని ముట్టు" అని ఏడ్చి, గరిటెతోనే లేచి పరుగెత్తాను. ఎమ్మిగనూరు బాటలో దొరికారు, వాడు కళ్లు తేలేశాడు, ఇద్దరినీ ఎత్తుకొచ్చాను. శాంతమ్మ అంబలి చుక్కచుక్కగా పోసింది. మూడోనాడు వాడు ఏడ్చిన ఏడుపుకు రైలు కూత వినబడలేదు, దేవునికే మహిమ!

ఇప్పుడు ఇద్దరూ మా ఇంట్లోనే ఉన్నారు. నేను కుండలో జొన్నలు వేసేటప్పుడు ఈరమ్మ పక్కన నిలబడి నా అయిదు వేళ్లూ తరచి చూస్తుంది.

మండీ గేటు దగ్గర ఇంకా పిల్లలున్నారు. నా చేతిని బాగుచేసిన దేవుడు మీ చేతిని బాగుచేయలేడా? నమ్మండి, వచ్చే ఆదివారం రండి, చెయ్యి చాపండి! చంటిపిల్లలను మాత్రం ఇంట్లో పడుకోబెట్టి రండి.