ఆదివారం ఆగిన మగ్గాలు

ధర్మవరంలో రెండు రంగుల పెద్దంచు చీర ఒక్కరి చేతుల మీద అయ్యే పని కాదు. మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని మొగుడు కూర్చుంటాడు. పక్కనే గుంత గట్టు మీద పెళ్ళాం కూర్చుంటుంది. చీర ఒళ్ళు నేసే నాడె, అదే పోగును అటూ ఇటూ మోసే కొయ్య, ఆయనది, అంచు నేసే నాడె ఆమెది. ఆయన పోగు వచ్చి ఆమె పోగును పట్టుకోవాలి. ఒకరు ఆగితే రెండో వాళ్ళు ఆగాల్సిందే. చూసేవాళ్ళకు ఇంతకు మించిన అన్యోన్యం లోకంలో లేదనిపిస్తుంది. భద్రమ్మా, హనుమంతరాయుడూ అట్లా ఒకే మగ్గం మీద, మోచేతులు తగిలేంత దగ్గరగా కూర్చుని, తొమ్మిదేళ్ళు ఒక్క మాట లేకుండా నేశారు.

అంత పెద్ద తగువేమో అనుకోవద్దు. తప్పు నేత పడినప్పుడు అది ఎవరి చేతిలో పడినా సరే, అంచు వేసే ఆడదాని మీదకు తోసెయ్యడం ఆ వీధిలో ఆనవాయితీ. మొగుడు "ఆడదాని పరాకు" అంటాడు, పెళ్ళాం తల వంచుకుంటుంది, షావుకారు నాలుగు తిట్లు తిట్టి వదిలేస్తాడు. అందరికీ నిజం తెలుసు. తెలిసి అందరూ ఊరుకుంటారు, అందులోనే మర్యాద ఉందట. డెబ్బై ఏడులో ఒక పెళ్ళి చీర అట్లాగే చెడింది. పట్టు ఇచ్చి నేయించుకునే షావుకారు శ్రీరంగప్ప ఆ చీరను తన పంచలో పరిచి, చుట్టూ పదిమంది నేతగాళ్ళుండగా అడిగాడు.

"ఎవరి చెయ్యప్పా ఇది?"

"ఆడదాని పరాకు, అన్నా" అన్నాడు హనుమంతరాయుడు.

కొత్త పట్టు తీసుకుపోదామని వచ్చి గడప దగ్గర నిలబడిన భద్రమ్మకు అప్పటికి పెళ్ళయి నాలుగేళ్ళు. ఆ నాలుగేళ్ళలో ఎన్ని తప్పులు నెత్తిన వేసుకుందో ఆమెకే తెలుసు. ఆ రోజు ఎందుకో నోరు ఆగలేదు.

"నా చెయ్యి కాదు సామీ. ఆ పొద్దు ఈయప్ప కూకోనే నిద్రపోతా ఉన్న్యాడు. తప్పింది ఈయప్ప నాడె."

పంచలో అందరూ పకపకా నవ్వారు. శ్రీరంగప్ప కూడా నవ్వి, "ఇంటికి పోయి నిద్రపో పోప్పా" అన్నాడు. అంతే జరిగింది. హనుమంతరాయుడు ఇంటికొచ్చి, ఎదురుగా నిలబడ్డ పెళ్ళాన్ని గోడను చూసినట్టు చూసి, మూల మంచం మీదున్న తల్లితో "అమ్మా, సంగటి పెట్టమని ఆమెకు చెప్పు" అన్నాడు. ఆ పొద్దుటిదాకా "ఏమ్మే" అని పిలిచిన నోరు అది.

ఆ తల్లి, తిరుపాలమ్మ, కొడుకు చెప్పింది కోడలికి, కోడలు చెప్పింది కొడుక్కు చేరవేస్తూ ఆరేళ్ళు బతికింది. మధ్యలో తనవి నాలుగు కలిపేది కూడా. "ఉప్పు తక్కువైందంట. నాకూ అట్లే అనిపించినాది" అనేది. ఆ ముసలామె పోయినప్పుడు భద్రమ్మ ఏడ్చింది గానీ, ఏడుస్తూనే లోపల ఒక ఆశ పెట్టుకుంది. ఇక మధ్యన ఎవరూ లేరు కదా, ఇప్పుడైనా నోరు తెరవక ఏం చేస్తాడని. ఆయన తెరవలేదు. నాడెతో మగ్గం పలక మీద కొట్టడం మొదలుపెట్టాడు. ఒక దెబ్బ కొడితే వచ్చి కూర్చోమని, రెండు కొడితే పోగు తెగిందని. గొడ్డును అదిలించడానికైనా నోటితో ఒక చప్పుడు చేస్తారు. ఈ మహానుభావుడికి అదీ బరువైంది. పిల్లలు లేరు. మాటలే లేని ఇంట్లో పిల్లలెట్లా పుడతారే అని పక్కింటి అంజనమ్మ ముఖం మీదే అనేది, భద్రమ్మ నవ్వేసేది. నవ్వకపోతే ఏడవాలి కాబట్టి.

ఎనభై అయిదులో శ్రీరంగప్ప ఇంటి మిద్దె మీద పెద్ద ఏంటెనా లేచింది. కింద నడవలో తలుపుల పెట్టెలో టీవీ. ఆదివారం పొద్దున ఒక హిందీ సీరియల్ వచ్చేది. వాచీల అంగడి పెట్టుకున్న ఒక మొగుడు, ఎప్పుడూ పూల చీర కట్టే పెళ్ళాం, మిద్దె మీద అత్త, వాళ్ళింట్లో బాడుగకుండే పిల్లవాడిని ప్రేమించిన ఆడబిడ్డ. ప్రతి వారం ఏదో ఒక గొడవ, అరగంట అయ్యేలోపల రాజీ, ఎవరూ కనపడకుండానే పెట్టెలోనుంచి నవ్వులు. అది ఏళ్ళ తరబడి వచ్చింది. ఆ అరగంట వీధిలో మగ్గాలన్నీ ఆగిపోయేవి. తెల్లారినప్పటినుంచీ టకటకలాడే వీధి ఒక్కసారిగా మూగపోతే, కొత్తగా వచ్చినవాళ్ళు ఎవరో పోయారనుకునేవాళ్ళు.

హిందీ మాత్రం ఎవరికీ సరిగ్గా అర్థం కాదు. పెళ్ళికి ముందు బొంబాయి మిల్లులో పనిచేసి వచ్చిన హనుమంతరాయుడికి వచ్చు. రెండో వారమే శ్రీరంగప్ప ఆయన్ను టీవీ పక్కన స్టూలు మీద కూర్చోబెట్టాడు. "నువ్వు చెప్పప్పా, మేము వింటాము" అన్నాడు. ఇంట్లో నాడెతో మాట్లాడే మనిషి నడవ నిండా జనం ముందు గొంతు విప్పాడు. మొగుడి మాట మొగుడిలా, అత్త మాట అత్తలా, ఆడబిడ్డ మాట సన్నగా సాగదీసి చెప్పేవాడు. జనం పడీ పడీ నవ్వారు. "ఈయప్ప కడుపులో ఇంత మాట ఉండాదా!" అని అంజనమ్మ నోరు నొక్కుకుంది.

ఆడవాళ్ళ వెనక వరసలో కూర్చున్న భద్రమ్మకు ఆ రోజు నవ్వు రాలేదు. టీవీలో మొగుడు పెళ్ళాన్ని ఏదో పేరు పెట్టి పిలిచాడు. హనుమంతరాయుడు దాన్ని తెలుగులో "ఏమ్మే" అన్నాడు. ఎనిమిదేళ్ళ తర్వాత ఆ గొంతులో ఆ పిలుపు విని ఆమె చటుక్కున తలెత్తింది. అది తనది. తన దగ్గర లాక్కుని ఆ పూల చీర దానికి ఇచ్చేశాడని కోపం వచ్చింది. మళ్ళీ ఆదివారం కోసం కాచుక్కూర్చుంది.

ఆశకు సిగ్గుండదు. ఆదివారం అయితే తల దువ్వుకుని కనకాంబరాలు పెట్టుకుని బయల్దేరడం మొదలైంది. "టీవీలో ఆయప్ప నిన్ను చూస్తాడా ఏమి?" అని ఆడవాళ్ళు ఆటపట్టించారు. భద్రమ్మ టీవీ బొమ్మను చూసే తీరే వేరు. ఆమె పెదవులు చూసేది. వాచీల అంగడాయన రెండు ముక్కలు అని నోరు మూసేవాడు, హనుమంతరాయుడు ఇంకా చెబుతూనే ఉండేవాడు. "ఏమ్మే, పొద్దున్నించీ ఏమీ తినలేదే నువ్వు" అనేవాడు. "ఎండన బడి రావద్దని చెప్పలేదా" అనేవాడు. ఆ మూసిన పెదవులకు మిగిలిన మాటలు ఎక్కడివి? టీవీలో లేని మాటలు ఆయన ఎవరికి చెబుతున్నట్టు? హిందీ రాని భద్రమ్మ ఏడాదిపాటు ఈ లెక్కే వేసుకుంది. సోమవారం పొద్దున మళ్ళీ అదే గుంత, అదే గట్టు, నాడె దెబ్బ. అయినా ఆ దెబ్బ కూడా మునుపటికన్నా మెత్తగా ఉందని అనుకుంది పాపం. అనుకుంటే అట్లాగే వినిపిస్తుంది.

ఎనభై ఆరు ఎండాకాలంలో ఒక ఆదివారం సీరియల్లో మొగుడూ పెళ్ళాల మధ్య పెద్ద గొడవే అయింది. పూల చీరామె ముఖం తిప్పుకుని కిటికీ దగ్గర నిలబడింది. ఆయన వెనక నుంచి వచ్చి ఏదో అన్నాడు. హనుమంతరాయుడి గొంతు బాగా తగ్గింది.

"ఏమ్మే, ఇంకా కోపమేనా? తప్పు నాదే. అందరి ముందర నీ మీదకు తోసినాను. ఒక్క మాట మాట్లాడు."

ఆయన వీపు భద్రమ్మ వైపుంది. టీవీలో మొగుడి పెదవులు ఎప్పుడో మూతపడ్డాయి. అందరి ముందర తోసినాను అన్నాడు. ఆ పంచ, ఆ చెడిన చీర ఆమె కళ్ళ ముందుకొచ్చాయి. చుట్టూ మనుషులున్నారన్న సంగతి మరిచిపోయింది.

"నాకేమీ కోపం లేదు" అంది పైకే. "ఎప్పుడో పోయినాది."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక నడవ కప్పు ఎగిరిపోయేలా నవ్వారు. అంజనమ్మ అయితే కళ్ళనీళ్ళు తుడుచుకుంది. హనుమంతరాయుడు స్టూలు మీద వెనక్కి తిరిగి, తొమ్మిదేళ్ళలో మొదటిసారి, పెళ్ళాం ముఖంలోకి నేరుగా చూశాడు. ఆ చూపులో ఏముందో భద్రమ్మకు అందేలోపలే తల తిప్పి షావుకారు భార్యతో అన్నాడు.

"లక్ష్మీనరసమ్మక్కా, అవి టీవీలో ఆయప్ప మాటలని ఆమెకు చెప్పు."

లక్ష్మీనరసమ్మకు నవ్వు ఆగక చెప్పలేకపోయింది. చెప్పాల్సిన పని లేదు కూడా.

మర్నాడు పొద్దున నాడె దెబ్బ వినబడింది. భద్రమ్మ వంటింటి గడప మీద కూర్చునే ఉంది. మళ్ళీ దెబ్బ. "నోటితో పిలిస్తే వస్తా" అంది గోడకేసి. అవమానం ఎట్లాగూ అయిపోయింది, ఇక దాచుకోవడానికేముంది? అంచు వేసే చెయ్యి లేనిదే ఆ మగ్గం కదలదని ఆయనకు తెలుసు, ఆమెకూ తెలుసు. ఆయన గుంతలో కూర్చున్నాడు, ఆమె గడప మీద కూర్చుంది. నాలుగు రోజులు సగం చీర అట్లాగే బిగుసుకుని ఉంది. "ఒక్క మాటే కదప్పా, పిలువు" అని అంజనమ్మ ఆయన్ను బతిమాలింది. "నువ్వన్నా పోయి కూకోవే, ఆడదానివి" అని ఈమెను తిట్టింది. ఈసారి భద్రమ్మ లేవలేదు. పిలవక ఎక్కడికి పోతాడులే అనుకుంది.

ఆయన శ్రీరంగప్ప దగ్గరికి పోయాడు. ఒక్కడే నేసుకునే సన్నంచు చీర పని ఇమ్మన్నాడు.

"నీకు పిచ్చి పట్టిందా రాయుడా!" అన్నాడట షావుకారు. "పెద్దంచు నేసే చెయ్యి నీది. కొత్తగా నేర్చుకునే పిల్లోళ్ళు నేసే చీర నువ్వు నేస్తావా?"

"నేస్తా అన్నా" అన్నాడట.

ధర్మవరంలో పేరున్న పనిని ఒక్క మాట ఖరీదుకు వదిలేసుకున్నాడు. సగం చీర వేరేవాళ్ళకు పోయింది. మగ్గానికి కొత్త పడుగు ఎక్కింది. అంచు నాడెను ఆయన చూరులో దోపేశాడు. గుంత గట్టు మీద ఆమె కూర్చునే చోట పోగు చుట్టిన కండెల బుట్ట పెట్టుకున్నాడు. భద్రమ్మ వాకిట్లో నిలబడి అదంతా చూసింది. తిట్టి ఉంటే బాగుండేది, కొట్టి ఉన్నా ఇంత నొప్పి ఉండేది కాదు.

కొత్త పడుగు ఎక్కాక వచ్చిన ఆదివారం కూడా ఆమె టీవీకి పోయింది, కనకాంబరాలు లేకుండా. ఆడవాళ్ళు మూతులు ముడుచుకుని నవ్వుకుంటూ చోటిచ్చారు. సీరియల్లో ఆ వారం గొడవ తీరిపోయింది. పూల చీరామె టీ తెచ్చి ఇచ్చింది, ఆయన గ్లాసు అందుకుంటూ ఏదో అన్నాడు. స్టూలు మీద హనుమంతరాయుడు వెనక్కి తిరగకుండా, మంచి ఊపులో చెప్పాడు.

"ఏమ్మే, నువ్వు పక్కన లేకపోతే నాకు చెయ్యే ఆడదే!"

అందరూ మురిసిపోయారు. భద్రమ్మ లేచి నిలబడింది.

"అబద్ధం" అంది. "బాగానే ఆడతాంది."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆమె మనుషుల మధ్యన దారి చేసుకుని బయటికి పోయింది. కాసేపటికి హనుమంతరాయుడు గొంతు సవరించుకుని అత్త మాటలు అందుకున్నాడు. జనం మళ్ళీ టీవీకేసి తిరిగారు.

అప్పుడు వినిపించింది. వీధి మొత్తం మూగగా ఉన్న ఆ వేళ ఎక్కడో ఒక మగ్గం ఆడుతోంది. మొదట తడబడుతూ, తర్వాత నిదానంగా, తర్వాత సాఫీగా. నేతగాళ్ళ చెవులు టీవీని వదిలేసి అటు పోయాయి. ఏ ఇంటి మగ్గం చప్పుడేదో వాళ్ళకు ఒకరు చెప్పక్కర్లేదు.

"రాయుడా, నువ్వు ఈడుండావు" అన్నాడు శ్రీరంగప్ప. "మీ ఇంట్లో నేస్తాండేది ఎవరప్పా?"

హనుమంతరాయుడు మాట మధ్యలో ఆపి లేచాడు. సీరియల్ హిందీలోనే మిగిలిపోయింది. తలుపు తోసేసరికి గుంతలో భద్రమ్మ కూర్చుని ఉంది. ఆ ఇంట్లో ఆడది గుంతలోకి దిగడం ఎన్నడూ లేదు. కళ్ళ ముందు అన్నేళ్ళు చూసిన పని, చేతులు వాటంతట అవే చేసుకుపోతున్నాయి. జానెడు నేసింది. తప్పు లేదు.

ఆయన వచ్చి పక్కన నిలబడ్డాడు. నాడె ఆమె చేతిలో ఉంది, కొట్టడానికి ఆయన చేతిలో ఏమీ లేదు. చెప్పి పంపడానికి ఇంట్లో మూడో మనిషి లేదు. భద్రమ్మకు అది తెలుస్తూనే ఉంది. తల ఎత్తకుండా నేస్తూ, వీపంతా చెవులు చేసుకుని ఆయన నోటికేసి కాచుకుంది. ఇంత జరిగాక కూడా లోపల ఎక్కడో ఆ "ఏమ్మే" కోసమే కాచుకుంది.

"లెయ్" అన్నాడు.

ముందు "ఏమ్మే" అని కూడా అనలేదు. తొమ్మిదేళ్ళ తర్వాత మొగుడు ఆమెతో అన్న మొదటి మాట అది. భద్రమ్మ నాడెను పలక మీద పెట్టింది. లేచి, కండెల బుట్ట పక్కకు నెట్టి, గట్టు పట్టుకుని తనే పైకి వచ్చింది. ఆయన గుంతలోకి దిగి ఆమె ఆపిన చోటినుంచే నేత అందుకున్నాడు. ఆమె పొయ్యి దగ్గరికి పోయి సంగటికి ఎసరు పెట్టింది. దీనికోసమా తాను పూలు పెట్టుకుని పోయింది అనుకుంటే, ఆయన మీద కన్నా తన మీద తనకే ఎక్కువ అసహ్యం వేసింది.