పిలిచినా రాని పిల్ల

మొన్న మా ఇంటికి కాలింగ్ బెల్ పెట్టించారు. అది మోగగానే వంటింట్లో ఊపిరి బిగబట్టి నిలబడిపోయాను. మా కోడలు నవ్వింది గానీ, ఆ ఏడాది దుబాయ్ డేరా పేటలో ఉన్నవాళ్లెవరికీ నవ్వు రాదు.

దుబాయ్‌లో ఇళ్లలో పనిచేసే మా చెల్లెలి కూతుర్ని చూసి రెండు నెలల్లో వచ్చేద్దామని వెళ్లి, కరోనాకి విమానాలు ఆగిపోయి అక్కడే ఇరుక్కున్నాను. ఆ అమ్మాయి ఉండే ఒక్క ఫ్లాటులో చెక్క అడ్డాలు కట్టుకుని నాలుగు కుటుంబాలు, అందరూ మన గోదావరి ఆడవాళ్లే. వీసా ఇచ్చిన కఫీల్ అనే యజమాని ఇంటినుంచి పారిపోయి దొంగచాటుగా పనులు చేసుకునేవారు. వాళ్ల పిల్లలకి కాగితాల్లేవు గనక బడీ లేదు. ఊరికే కూర్చుని తినడం నాకు చేతకాదు గనక ఆ ఐదుగురు పిల్లల్నీ నేనే చూస్తానని, యాభై దాటాక నేను దిద్దిన అక్షరాలే వాళ్లచేత దిద్దించేదాన్ని. “అంత ముసలయ్యాకా బడికెళ్లావా అమ్మమ్మా, మేస్టారు కొట్టారా?” అని ఎగతాళి చేసేవారు.

అక్షరాలకన్నా ముందు దాక్కోవడం నేర్పాను. బెల్ మోగితే కదలకూడదు, నేను పిలిచినా రాకూడదు, ఎందుకంటే పోలీసులు నాచేతే పిలిపిస్తారు. అమలాపురం ఆవిడ కూతురు, ఆరేళ్లది, అందరికన్నా బాగా నేర్చింది.

కాగితాలు లేనివాళ్లని జరిమానా లేకుండా ప్రత్యేక విమానాల్లో ఇంటికి పంపే గడువు ఆఖరు రోజున, మనవాళ్ల సంఘం తరఫున పేర్లు రాసుకునే కడప ఆయన వచ్చి బెల్ కొట్టాడు. ఆ ఆరేళ్ల పిల్ల తల్లి పేరు అంతకుముందే రాశారు, పిల్లని చూసి ఫోటో తీస్తే చాలు. ఆవిడ పనికి వెళ్తూ నామీదే వదిలిపెట్టింది. పిలిచాను, బతిమాలాను, మంచాల కింద పాకాను. మిగతా నలుగురూ వచ్చారు, అది రాలేదు.

“బిడ్డ కనపడకుండా ఎట్లా రాసేదమ్మా? ఇంగా మూడు బిల్డింగులుండాయి, మధ్యాన్నానికి ఖలాస్,” అని కాసేపు చూసి వెళ్లిపోయాడు.

ఆయన లిఫ్టెక్కాక, ఊరికి వెళ్లడానికి తల్లి సర్దుకున్న పెద్ద పెట్టెలోంచి, చీరల మధ్యనుంచి లేచింది. ఒకరు సర్దిన పెట్టెలో ఇంకొకరు చెయ్యి పెట్టకూడదని ఆ గదుల్లో కట్టుబాటు, నేను దాని మూత ఎత్తనే లేదు. చెమటతో తడిసిపోయి, “ఎంత పిలిచినా రాలేదు చూసావా అమ్మమ్మా!” అంది.

మెచ్చుకోమని చూసింది. నేను కొట్టాను.

దాన్ని చంకనేసుకుని మూడు బిల్డింగులూ పరిగెత్తాను. ఆయన అప్పటికే వెళ్లిపోయాడు. సాయంత్రం తల్లి వచ్చి, “పోనీలెండి పిన్నిగారూ, మీరు చెప్పినట్టేగా చేసింది” అని పెట్టె విప్పి బట్టలు మళ్లీ మేకులకి తగిలించింది. తిట్టినా బాగుండేది. వారానికే తల్లీ పిల్లా పోలీసులకి భయపడి కల్బా అనే దూరపు ఊరివైపు వెళ్లిపోయారు, ఫోను పలకలేదు. మామూలు విమానాలు తిరిగాక నేనొక్కదాన్నే వచ్చేశాను.

మా కాలంలో పెద్దవాళ్లు పిలిస్తే పలకని పిల్లకి పొగరనేవారు. ఆ పిల్లకిప్పుడు పదేళ్లు దాటి ఉంటాయి. ఎక్కడుందో తెలియదు. తెలిసినా, నేను పిలిస్తే రాదు.