అబిగయీలు సాక్ష్యం

విడవలూరులో బట్టలు కుట్టి బతికే అబిగయీలు రోజూ తెల్లవారుజామున రొయ్యల గుంటల గట్టు మీద పరుగెత్తుతుంది. నలభై ఎనిమిదేళ్ల ఒంటరి మనిషి. చున్నీ నడుముకు బిగించి, నీళ్లు చిమ్మే ఏరియేటర్ల చప్పుడుకు అడుగు కలుపుతుంది. షుగరుకు నడుస్తోందని ఊళ్లో అనుకుంటారు. ఆమె కాదనదు. పోయిన ఆదివారం చెన్నై వెళ్లి నలభై రెండు కిలోమీటర్ల మారథాన్ పూర్తి చేసింది. చర్చికి ఎందుకు రాలేదని పాస్టరమ్మ ఫోన్ చేస్తే, జ్వరమని చెప్పింది.

ఈ శనివారం చర్చి యువజనులు ఐదు కిలోమీటర్ల పరుగు పెట్టారు. పేరు ముందే ఇచ్చింది కాబట్టి వెళ్లింది. తొడలు కొయ్యబారి ఉన్నాయి, ఎడమ బొటనవేలి గోరు నల్లబడింది. అందరికన్నా చివర వచ్చింది. పాస్టరమ్మ ఆమెను చెయ్యి పట్టి స్టేజీ ఎక్కించింది. “పోయినారం జ్వరంతో పండుకోనుండిన మనిషి, ఈరోజు ఐదు కిలోమీటర్లు వచ్చింది. దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పక్కా,” అని మైకు ఇచ్చింది. అబిగయీలు మాట కోసం ఇంతమంది ఎదురుచూడటం ఎప్పుడూ లేదు. మైకును రెండు చేతులతో పట్టుకుంది. “పోయినారం నేను...” అని ఆగింది. “దేవునికి స్తోత్రం,” అంది చివరికి. చప్పట్లు చాలాసేపు మోగాయి. చెన్నైలో ఆమె పరుగు ముగించేసరికి చప్పట్లు కొట్టేవాళ్లు ఇళ్లకు వెళ్లిపోయారు. కాళ్లు వంగక, కమ్మీ పట్టుకుని, స్టేజీ మెట్లు వెనక్కి తిరిగి ఒక్కొక్కటే దిగింది. “జ్వరం నీరసం ఇంకా పోలేదక్కా నీకు,” అంటూ పాస్టరమ్మ కుర్చీ జరిపింది. అబిగయీలు కూర్చుంది.