హీరో వెనకాల నడిచిన మనిషి

ఆల్బనీలో ఆక్లండ్ సిటీకి వెళ్లే బస్సెక్కాను. పక్క సీట్లో తెల్లజుట్టు కివీ ఆవిడ ట్యాబ్‌లో సినిమా చూస్తోంది. ఎవరూ పెద్దగా పేరు వినని పాత బ్రిటిష్ ప్రేమ కామెడీ. హీరోయిన్ ఫ్రెంచి అమ్మాయి, హీరో లండన్‌లో పెరిగిన మన దేశం వాడు. ఆవిడ మాత్రం రైల్వేస్టేషన్ సీన్‌నే వెనక్కి జరిపి మళ్లీ మళ్లీ చూస్తోంది.

నేను గమనించానని తెలిసి, హీరో వెనకాల పెట్టె పట్టుకుని నడిచే మనిషిని వేలితో చూపించింది. "మా ఆయన. పెళ్లికి ముందు లండన్‌లో ఉన్నప్పుడు జనంలో ఒకడిగా నటించాడు. పోయి మూడేళ్లయింది."

"చివరికి హీరో హీరోయిన్లు కలుస్తారా?" అనడిగాను.

"ఏమో, అంతదాకా ఎప్పుడూ చూడలేదు. ఈ హీరో అడ్డం రాకపోతే ఆయన ఇంకాసేపు కనిపించేవాడు," అని నవ్వింది. దిగేటప్పుడు, ఇక్కడ అందరూ చెప్పినట్టే, డ్రైవర్‌కి థాంక్యూ చెప్పి వెళ్లిపోయింది.

మా అన్నయ్య ఫొటో అంటే పారిపోయేవాడు. ఇంట్లో దండ వేసింది కూడా ఆధార్ కార్డు ఫొటోకే. బస్సులోంచే పిన్ని కూతురికి వాయిస్ మెసేజ్ పెట్టాను.

"సుజాతా, నీ పెళ్లి వీడియోలో భోజనాల దగ్గర అన్నయ్య సాంబారు బకెట్టుతో వెళ్తాడు కదా, ఆ ముక్క పంపవే. వీపు కనిపించినా చాలు."