ఇద్దరికే అనుకున్న ఇటలీ

నాకు ఇటలీ మీద మోజు పుట్టింది సింగపూర్‌లో మేముండే యీషున్‌లో పళ్ళ డాక్టరు దగ్గర. నోరు తెరుచుకుని కుర్చీలో పడుకుంటే ఎదురుగా గోడ మీద క్యాలెండరు. అందులో ఇటలీలో సముద్రం పక్కన ఏదో ఊరు. కొండవాలున గులాబీ, పసుపు, నారింజ రంగుల ఇళ్ళు ఒకదాని భుజమ్మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. కింద నీలంగా నీళ్ళు. ఒడ్డున ఒక గొడుగు, రెండు కుర్చీలు. డాక్టరు పన్నుతో కుస్తీ పడుతున్నంతసేపూ నేను ఆ కుర్చీలే చూశాను. రెండే ఉన్నాయి, మూడోది లేదు. అది నాకు తెగ నచ్చింది.

ఎందుకు నచ్చిందో తెలియాలంటే మా హనీమూన్ సంగతి చెప్పాలి. పెళ్ళయ్యాక ఊటీ వెళ్దామన్నారు మావారు. ఊటీ నేను మాత్రం ఎప్పుడు చూశాను నాయనా అన్నారు మా అత్తగారు. అమ్మకి చలి పడదు, తోడు నేనుంటానంది ఆడపడుచు. ఆవిడ వస్తే వాళ్ళాయనగారు రాకుండా ఉంటారా! చివరికి వ్యాను మాట్లాడుకుని వెళ్ళాం. పూలతోటలో తీయించుకున్న ఫోటోలో మావారు వెనక వరసలో ఎక్కడో ఉంటారు, నేను ముందు వరసలో ఎవరి పిల్లాణ్ణో చంకనేసుకుని ఉంటాను.

ఆ తర్వాత సింగపూర్. మావారు ఒక బ్యాంకులో కంప్యూటర్లు చూసేవారు. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ పిచ్చెత్తిపోతాయని భయపడి, అంతకుముందు రెండేళ్ళూ ఇంటి మొహం చూడలేదు మహానుభావుడు. రెండువేలు వచ్చింది. ఏ కంప్యూటరుకీ ఏమీ కాలేదు. ఆయన నడుముకి పేజరు మాత్రం అలాగే ఉండిపోయింది. పప్పు కలుపుకుంటుంటే కుయ్యిమంటుంది, ఎడంచేత్తో ఫోనందుకుంటారు. నేను ఏదైనా మాట మొదలుపెడితే సగంలో కుయ్యిమంటుంది, మిగతా సగం నా గొంతులోనే ఉండిపోతుంది. అలాంటి సగం మాటలు నా దగ్గర బోలెడున్నాయి.

అందుకే నా కోరిక ఒక్కటే. ఒక్క వారం, ఆ ఊళ్ళో, మేమిద్దరమే. జూన్ సెలవులకి మా పాప ఎలాగూ కాకినాడలో అమ్మమ్మ దగ్గరికి వెళ్తుంది.

"ఇటలీ వెళ్దామండీ," అన్నాను ఆ సాయంత్రం, బుగ్గ వాచి ఉండగానే.

"ఎందుకే?"

"సముద్రం చూడ్డానికి."

పాప హోంవర్క్‌లోంచి తలెత్తి, "వై సో ఫార్, అమ్మా? ఇక్కడే ఈస్ట్ కోస్ట్‌లో సీ ఉంది లా!" అంది.

మావారు నవ్వి సరేనన్నారు. ట్రావెల్ ఏజెంటుకి ఫోన్ చేసి టికెట్లకి చెప్పారు కూడా. నేను గాల్లో తేలిపోయాను. తేలుతూనే ఒక జాగ్రత్త చెప్పాను. "ఎవరికీ చెప్పకండి. మనవాళ్ళ సంగతి తెలుసుగా. వెళ్తున్నాం అని చెప్తే, మీరూ రండి అనాల్సొస్తుంది."

"ఆ మాత్రం నాకు తెలీదేంటే," అన్నారు.

ఆ ఆదివారమే ఊరికి అటు చివర క్లెమెంటిలో ఆయన స్నేహితుడింట్లో భోజనాలు. నేను, ఆ స్నేహితుడి భార్య వడ్డిస్తున్నాం. గుత్తొంకాయ ఇంకా అందరి కంచాల్లోకీ రానేలేదు, మావారు నోరు విప్పారు. "ఒరేయ్, జూన్‌లో మేం ఇటలీ వెళ్తున్నాం." అక్కడితో ఆగినా బతికిపోయేదాన్ని. "మీరూ రండిరా, సరదాగా ఉంటుంది!"

మనలో ఈ మాటకి ఒక పద్ధతుంది. పిలిచేవాళ్ళు పిలుస్తారు. వినేవాళ్ళు "అబ్బే, ఇప్పుడెక్కడ కుదురుతుంది, మీరు వెళ్ళిరండి" అంటారు. అంతటితో ఇరువైపులా మర్యాద దక్కుతుంది, ఎవరింట్లో వాళ్ళు హాయిగా ఉంటారు. ఆ 'అబ్బే' కోసం నేను ఆ అమ్మాయి మొహంలోకి ఆశగా చూశాను. ఆ అమ్మాయి తన మొగుడి మొహంలోకి చూసింది. ఆయన గుటకేసి, "అంత ఆప్యాయంగా పిలిస్తే రాకుండా ఉంటామా!" అన్నాడు.

కడుపు మండిపోయింది. అయినా ఏం చేస్తాను? "మీరొస్తే అంతకంటేనా, అన్నయ్యగారూ!" అని నా నోటితోనే అన్నాను, నవ్వుతూ.

క్లెమెంటిలో రైలెక్కింది మొదలు యీషున్‌లో దిగేదాకా మావార్ని దులిపి పారేశాను. "ఏదో మొహమాటానికి అన్నానే," అన్నారు. "మీ మొహమాటం తగలెయ్య!" అన్నాను. పక్క సీట్లో చైనా ముసలాయన లేచి వేరే చోట కూర్చున్నాడు.

అక్కడితో అయిందా? మా అంతస్తులోనే ఒక ఆంటీ ఉండేది. వాళ్ళ తాతగారు ఏ కాలంలోనో విశాఖ వైపు నుంచి ఓడెక్కి వచ్చారట. ఆవిడ తెలుగులో సగం అరవం, కాస్త మలయ్ కలిసి ఉంటాయి. మంచి మనిషి, ఒంటరిది. లిఫ్టులో ఎదురుపడితే మావారు ఆవిణ్ణీ పిలిచారు. లిఫ్టు కిందికి దిగేలోగా ఆవిడ మా ప్రయాణంలో చేరిపోయింది.

తర్వాతి ఆదివారం మా ఇంట్లో సమావేశం. మావారి స్నేహితుడు వంటిల్లున్న బస కావాలన్నాడు. రైస్ కుక్కర్ ఎవరిది తేవాలన్న దాని మీద పెద్ద చర్చ జరిగింది. "అక్కడ తిండికి, మాకన్‌కి ఏం దొరుకుతుంది మా? రొట్టె నా కడుపుకి ఒప్పదు," అంది ఆంటీ. అయితే సెరంగూన్ రోడ్డులో మనవాళ్ళ కొట్లలో ఆవకాయ, కందిపొడి కొని పట్టుకెళ్దామన్నారు. సముద్రం పేరెత్తినవాళ్ళు ఒక్కరూ లేరు. వాళ్ళ మాటలు వింటుంటే ఆ రంగురంగుల ఊరికి పోపు వాసన పట్టేసినట్టయింది నాకు.

రావద్దని చెప్పే ధైర్యం లేదు కాబట్టి భయపెట్టాలని చూశాను. "ఆ ఊళ్ళో ఎక్కడికెళ్ళాలన్నా మెట్లేనట. సామాన్లు మోసేవాళ్ళు కూడా ఉండరట," అన్నాను.

"అయితే బియ్యానికి వీపుకి తగిలించుకునే సంచులు కొందాం," అన్నాడు స్నేహితుడు, దిగాలుగా.

"మెట్లా? ప్రాక్టీసు చేస్తే వచ్చేస్తుంది మా," అంది ఆంటీ.

అన్నమాట ప్రకారం మర్నాటి నుంచి ఆవిడ లిఫ్టు మానేసి మెట్లెక్కడం మొదలుపెట్టింది. వారం తిరక్కుండానే, నేను కూరగాయలు తెచ్చుకుని వస్తుంటే మెట్ల మలుపులో కూలబడి కనిపించింది. మోకాళ్ళు బూరెల్లా వాచిపోయాయి. నాకు ప్రాణం ఉసూరుమంది. చెయ్యిచ్చి ఇంటికి తీసుకొచ్చి, తైలం రాస్తూ, "ఎందుకాంటీ ఇంత అవస్థ? ఇటలీ అంటే అంత ఇష్టమా?" అన్నాను.

"అయ్యో, నాకు ఇటలీ ఎందుకు మా! ఈ కాళ్ళకి యీషున్ చాలు," అంది. "మర్నాడే రాలేనని చెప్పాను. నీ హస్బెండ్ మళ్ళీ తలుపు కొట్టి, కట్టాయం, తప్పకుండా రావాలి ఆంటీ అన్నాడు. పాపం, అంత అడిగితే కాదని ఎలా చెప్పేది?"

మళ్ళీ తలుపు కొట్టారా? మొహమాటానికి ఎవరైనా ఒక్కసారి పిలుస్తారు. తలుపు కొట్టి మరీ పిలవడమేమిటి? వెంటనే క్లెమెంటికి ఫోన్ చేశాను.

"వదినా, మీరేమీ అనుకోనంటే..." అంటూ ఆ అమ్మాయి నిట్టూర్చింది. "ఈ సెలవులకి మేం రాజమండ్రి వెళ్దామనుకున్నాం. కుదరదని మర్నాడే మా ఆయన అన్నయ్యగారికి చెప్పేశారు కూడా. అన్నయ్యగారే ఫోన్ల మీద ఫోన్లు చేసి బతిమాలారు. మేం రాకపోతే మీకు అస్సలు తోచదట కదా!"

"నాకా!" అన్నాను. మీరు నిశ్చింతగా రాజమండ్రి వెళ్ళండమ్మా అని చెప్పి పెట్టేశాను.

ఆయన ఆఫీసు నుంచి వచ్చేదాకా ఇల్లంతా కాలుగాలిన పిల్లిలా తిరిగాను. వచ్చి, కాళ్ళు కడుక్కుని, మర్నాటి చొక్కా ఇస్త్రీ చేసుకుంటుంటే అడిగేశాను.

"ఆంటీ రావట్లేదు. క్లెమెంటివాళ్ళూ రావట్లేదు. వాళ్ళకి ఇష్టం లేకపోయినా మీరే కాళ్ళావేళ్ళా పడ్డారట. నిజమేనా?"

ఇస్త్రీపెట్టె చొక్కా మీదే ఆగిపోయింది. కాలుతుందేమోనని నేనే తీసి పక్కన పెట్టాను.

"నాతో ఒక్క వారం ఉండాలంటే అంత కష్టంగా ఉందా మీకు?" అన్నాను. గట్టిగా పోట్లాడదామనుకున్నదాన్ని, ఏడ్చేశాను.

"అది కాదే," అన్నారు. చాలాసేపు చొక్కా కాలరు సవరించారు. "ఇంట్లో అయితే పాప ఉంటుంది, టీవీ ఉంటుంది, ఈ పేజరొకటి మోగుతుంది. అక్కడ మనిద్దరమే. పొద్దస్తమానం ఏం మాట్లాడను? ఆఫీసు సంగతులు తప్ప నాకేం తెలుసు? రెండోరోజుకే నీకు విసుగొచ్చేస్తుంది. ఇంత దూరం ఈ మనిషితోనా వచ్చానని అనుకుంటావేమోనని... భయమేసింది."

ఆయన నాతో ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు. చొక్కా వంకే చూస్తూ మాట్లాడారు. నా కోపమంతా ఎటు పోయిందో పోయింది, దాని చోట జాలేసింది, జాలి పడ్డందుకు మళ్ళీ కోపమొచ్చింది.

"విసుగు కొత్తగా రావడమేంటి, మహానుభావా!" అన్నాను కళ్ళు తుడుచుకుంటూ. "పెళ్ళైన దగ్గర్నుంచీ వస్తూనే ఉంది. ఇక్కడ వంటింట్లో నిలబడి విసుక్కుంటున్నాను, అక్కడ సముద్రం చూస్తూ విసుక్కుంటాను. నాకు మీ మీదే విసుక్కోవాలనుంది. ఇంకెవరూ వద్దు."

ఆయన తలెత్తి నన్ను చూశారు. "అయితే ట్రావెల్ ఏజెంటుకి ఫోన్ చెయ్యనా? ఇద్దరమే అని?" అన్నారు.

"చెయ్యండి," అన్నాను. "నా ఎదురుగా చెయ్యండి."